అచ్చులో వదిలే కొసలు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ఉంది. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చాలామంది చూసుకునేది అక్కడ వరసలో నిలబడ్డాకే. ముందు కారు కదిలేలోపు ఫోను తీసి, పాస్‌వర్డు గుర్తు రాక, పక్కసీట్లో ఉన్నవాళ్ళ మీద విసుక్కుని, ఎలాగో రీచార్జి చేస్తారు. రెండు నిమిషాల పని. ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసుకోవలసింది, "చేద్దాం తీయ్" అంటుండగానే వారం గడిచిపోయింది. ఆ వారమంతా ఆ మనిషి ఖాళీగా ఏమీ లేడు. డ్యూటీకి పోయాడు, పెళ్ళికి పోయాడు, పొలం కాడ బోరు మోటారు కాలిపోతే బాగు చేయించాడు. ఇన్ని కష్టమైన పనులు చేసిన మనిషికి రెండు నిమిషాల పని దగ్గర చెయ్యి ఎందుకు ఆగింది?

పోటీ పరీక్షలకు చదవడం, వ్యాపారం పెట్టడం లాంటి పెద్ద సంకల్పాల మీద పుస్తకాలు చాలా వచ్చాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇంటి చుట్టూ తిరిగే చిన్న పనుల గురించి. కారుతున్న నల్లా, డాక్టరుకు చూపించుకోవలసిన మోకాలు, బ్యాంకులో ఇవ్వాల్సిన కాగితం, చావు కబురు తెలిసి కూడా ఇంకా చేయని ఫోను. ఇవి ఒక రోజు ఆగితే కొంప మునగదు. అందుకే ఆగుతాయి. కానీ అన్నీ కలిసి మనిషి నెత్తిన కూర్చుంటాయి. రాత్రి పడుకోబోతుంటే ఒక్కొక్కటే గుర్తొస్తాయి, తెల్లారేసరికి మరుపున పడతాయి. ఇట్లాంటివి పది పోగైతే, ఏ పనీ చేయని రోజున కూడా ఒళ్ళు అలిసిపోతుంది.

పైగా ఇవి ఆగిన చోట ఆగి ఉండవు, పెరుగుతాయి. పుట్టిన పత్రం సంగతే చూడండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పైసా కట్టనక్కర లేదు. 30 రోజుల్లోపు అయితే కొంత ఆలస్య రుసుము. అది దాటి ఏడాదిలోపు అయితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి. ఆసుపత్రి కాన్పులకు వివరాలు ఆసుపత్రివాళ్ళే పంపుతారు కాబట్టి ఇప్పుడు ఆ బాధ తగ్గింది. అయినా పేరు మిగిలిపోతుంది. బారసాల ఘనంగా చేసి, ఊరంతా పిలిచిన పేరును ఆ కాగితంలోకి ఎక్కించడం మరిచిపోయిన ఇళ్ళు ఎన్నో. మొదటి పన్నెండు నెలల్లో పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 చట్ట సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. ఇంటి పన్నుదీ అదే దారి. చౌటుప్పల్ 2018లో మునిసిపాలిటీ అయింది. తెలంగాణ మునిసిపాలిటీల్లో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం తగ్గించే పద్ధతి ఉంది. అందరికీ తెలుసు. అయినా ఏప్రిల్ 30 వచ్చిపోతుంది. కాబట్టి ఇది తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదు. "టైం విలువ తెలుసుకో" అని బోధిస్తే తీరేదీ కాదు.

ముల్లు ఎక్కడుంది?

ఫ్యూషియా సిరోయి, టిమోతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ఒక వ్యాసం రాశారు. వాయిదా వేయడానికి కారణం గడియారంలో లేదు, మనసులో ఉందన్నది వాళ్ళ వాదం. ఒక పని తలుచుకోగానే లోపల ఏదో గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడం నుంచి ఆ క్షణానికి తప్పించుకోవడానికి మనం పనిని పక్కన పెడతాం. పెట్టిన వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయి మరుసటిసారి కూడా పక్కన పెట్టమని నేర్పుతుంది. నాకు ఈ మాట చాలా నిజమనిపిస్తుంది, ఎందుకంటే మన ఇళ్ళలో ఆగిపోయిన పనులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే చాలావాటిలో ఒక ముల్లు దొరుకుతుంది.

రైతుబీమా నామినీ పేరు మార్పించడం తీసుకోండి. 2018 ఆగస్టు నుంచి తెలంగాణలో అమలవుతున్న ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. నామినీగా రాయించిన తల్లి కాలం చేసింది, ఇప్పుడు భార్య పేరు రాయించాలి. వ్యవసాయ విస్తరణ అధికారికి ఆధార్ నకలు, ఒక కాగితం ఇస్తే అయ్యే పని. ఏళ్ళు గడుస్తాయి. ఎందుకంటే ఆ కాగితం ముట్టుకుంటే తల్లి లేదన్న సంగతి మళ్ళీ ఒప్పుకోవాలి. తన చావును తనే తలుచుకోవాలి. అన్నదమ్ములు ఏమనుకుంటారో అన్న బెరుకు కూడా ఉండవచ్చు. ఇవేవీ పైకి అనలేక "ఇప్పుడేం తొందరొచ్చింది" అంటాడు. చావు కబురు విని ఫోను చేయకపోవడంలో ముల్లు ఏం మాట్లాడాలో తెలియకపోవడం. రెండు వారాలు దాటాక దానికి ఇంకొకటి తోడవుతుంది: ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదని అడుగుతారేమో. పన్ను కట్టకపోవడంలో పాత బకాయి ఎంతుందో చూడాలన్న భయం ఉండొచ్చు.

అందుకే మొదట చేయవలసింది ఒకటే. ఆగిపోయిన పనులను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క దాని పక్కన అందులో గుచ్చుకునేది ఏమిటో రెండు ముక్కల్లో రాయండి. "సిగ్గు", "ఎంత అడుగుతారో", "ఎక్కడికి పోవాలో తెలియదు", "ఆయనతో మాట్లాడాలంటే ఇష్టం లేదు". అంతే. ఎవరికీ చూపించనక్కర లేదు. ఎక్కడికి పోవాలో తెలియనిదానికి ఒక ఫోను చాలు. సిగ్గుకు వేరే మందు కావాలి. అన్నింటికీ కలిపి "నేను బద్ధకస్తుణ్ణి" అని ఒకే పేరు పెట్టుకుంటే ఏ ముల్లూ చేతికి దొరకదు.

మగ్గం ఉన్న ఇంట్లో

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వస్తాను. చౌటుప్పల్ మండలంలోనే కొయ్యలగూడెం ఉంది. పక్కన నారాయణపురం మండలంలో పుట్టపాక, ఇంకోవైపు భూదాన్ పోచంపల్లి. చిటికి కట్టి రంగులద్దే చేనేతకు ఈ ఊళ్ళు దేశమంతా పేరుపొందాయి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. పుట్టపాక నుంచి గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ ఇళ్ళలో పని ఎలా మొదలవుతుందో చూడడం, వాయిదా గురించి చదివే పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది.

మగ్గం మీద కూర్చుని నేయడం చివరి అంకం. అంతకుముందు నూలు తీయాలి, ఆసు పోయాలి, గ్రాఫు చూసుకుంటూ సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కొన్ని ముడులు విప్పి ఇంకో రంగులో ముంచాలి, కండెలు చుట్టాలి. ఒక్కొక్కటీ ఒక్కో రోజు, ఒక్కో మనిషి చేతి పని. అందువల్ల నేత మనిషి పొద్దున గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేసరికి ఇవాళ ఏం నేయాలి, ఏ రంగు ఎక్కడ రావాలి అన్న ప్రశ్నలేవీ మిగలవు. అవన్నీ దారంలోనే తీరిపోయి ఉన్నాయి. కండె నాడెలో పెట్టి విసరడమే తరువాయి. అతనికి ఆ పొద్దు ఉత్సాహంగా ఉందా లేదా అన్నది పెద్ద లెక్కలోకి రాదు.

ఇందులో అన్నిటికంటే గొప్పది పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అయిపోయిన రోజు జరుగుతుంది. చివరి చీర కోసి దించాక పడుగు దారాలను మొత్తంగా లాగి పారేయరు. అచ్చులో, అంటే పోగులను వరసగా పట్టి ఉంచే దువ్వెనలాంటి చట్రంలో, దూరి ఉన్న ఆ దారాల కొసలను అట్లాగే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఆ పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్ళ మధ్య మెలిపెట్టి అతుకుతారు. అచ్చతకడం అంటారు దీన్ని. తర్వాత నెమ్మదిగా ముందుకు లాగితే పాత కొసలు దారి చూపిస్తూ కొత్త పోగులను అచ్చులోంచి ఇవతలికి తెస్తాయి. ఆ కొసలు వదలకపోతే వేల పోగులను మళ్ళీ ఒక్కొక్క కంతలో వరస తప్పకుండా దూర్చుకుంటూ పోవాలి. అది ఎంత పనో నేతగాళ్ళకు తెలుసు. కాబట్టి ఏ పడుగూ శూన్యంలోంచి మొదలు కాదు. ముందు పడుగు ముగిసేటప్పుడే రాబోయే దానికి దారి వదిలిపెట్టి ఉంటుంది.

మనం ఇంటి పనుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తాం. పని ఆపేటప్పుడు ఊడ్చిపెట్టినట్టు ఆపుతాం. కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాం. మళ్ళీ మొదలుపెట్టాలంటే తాళంచెవి ఎక్కడుంది, ఏ కాగితం దాకా వచ్చాం, తర్వాత ఎవరిని అడగాలి అని అన్నీ కొత్తగా ఆలోచించాలి. ఆ ఆలోచన బరువుకే చెయ్యి ఆగుతుంది. కొస వదిలి ఆపడం నేర్చుకోవాలి. దరఖాస్తు నింపుతున్నారనుకోండి. పూర్తికాకుండా లేవాల్సి వస్తే, తర్వాత నింపాల్సిన గడి మీద పెన్నుతో చిన్న చుక్క పెట్టి, దానికి కావాల్సిన పాసుబుక్కు నకలు ఆ కాగితానికే పిన్ను కొట్టి, భోజనాల బల్ల మీద పెట్టండి. పిల్లవాడు లెక్కలు చేస్తూ లేస్తే, తర్వాతి లెక్కలో మొదటి వరస రాసి లేవమనండి. మునిసిపల్ ఆఫీసుకు ఫోను చేస్తే "రేపు చేయండి" అన్నారా, ఆ నంబరు, అడగవలసిన ముక్క, అవతల మాట్లాడినవారి హోదా ఒక చీటీ మీద రాసి ఫోను కవరు వెనక దోపండి. బెర్లిన్‌లో మరియా ఒవ్‌సియాంకినా అనే పరిశోధకురాలు చేసి 1928లో ప్రచురించిన ప్రయోగాల్లో, మధ్యలో ఆపించిన పనిని చాలామంది ఎవరూ చెప్పకుండానే తిరిగి అందుకున్నారు. సగంలో ఉన్న పని మనిషిని లాగుతుంది. ఆ కొస కంటికి కనబడాలి, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. సిద్ధం చేసుకోవడం పేరుతో కూడా వాయిదా నడుస్తుంది. కొత్త నోటుపుస్తకం కొనడం, బల్ల సర్దడం, ఫోన్లో పనుల జాబితా యాప్ దింపుకోవడం, ఉదయం ఎలా లేవాలో వీడియోలు చూడడం. ఇవన్నీ పని పక్కనే తిరుగుతాయి గానీ పనిని తాకవు. తేడా కనిపెట్టడానికి ఒక ప్రశ్న వేసుకోండి: రేపు ఈ పని ముందు కూర్చున్నప్పుడు నేను ఇంకా ఆలోచించి తేల్చుకోవలసింది తగ్గిందా? తగ్గితే అది కండె చుట్టడం. తగ్గకపోతే కాలక్షేపం. రాత్రి పది నిమిషాలు కేటాయించి రేపటి ఒక్క పనికి మొదటి కదలిక చేతికి అందేలా పెట్టండి. ఒక్క పనికే. ఐదింటికి పెట్టాలని చూస్తే ఆ పెట్టడమే రేపటికి వాయిదా పడుతుంది.

చివర తెలియకుండానే

కొన్ని పనులు ఆగేది ముల్లు వల్ల కూడా కాదు. చివర ఎట్లా ముగుస్తుందో కనబడక ఆగుతాయి. పట్టాదారు పాస్‌బుక్కులో తప్పుపడ్డ పేరు సరిచేయించాలి, ఎన్ని ఆఫీసులు తిరగాలో తెలియదు. తండ్రి పేరు మీదున్న ఇల్లు మార్పించాలి, అక్కచెల్లెళ్ళ సంతకాలు ఎట్లా కుదురుతాయో తెలియదు. అంతా తెలిశాక మొదలుపెడదామని కూర్చుంటాం.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ చాలామందికి తెలుసు. 2019లో సినిమాగా కూడా వచ్చింది. ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఒక చీరకు సరిపడా నూలు ఆసు పోయాలంటే చేతిని సుమారు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. నాలుగైదు గంటల పని. భుజాలు, మోచేతులు పడిపోయేవి. ఆ పనిని యంత్రంతో చేయించాలని 1992లో మొదలుపెట్టాడు, 1999లో పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. దీన్ని పట్టుదలకు నీతికథగా చెబుతుంటారు. నేను అందులో చూసేది ఇంకొకటి. మొదలుపెట్టిననాడు ఆ యంత్రంలో చివరి భాగం ఎట్లా పనిచేయాలో ఆయనకు తెలియదు. తెలిసిన భాగం చేశాడు. అది ఆడాక తర్వాతి భాగం. డబ్బు లేని కాలంలో ఆగాడు, హైదరాబాదు పోయి కూలి చేశాడు, మళ్ళీ అందుకున్నాడు. చివరి చిక్కు బాలానగర్‌లో పనికి పోయినచోట ఇంకేదో యంత్రం కదలిక చూస్తుంటే విడింది. మిగతా భాగాలు అప్పటికే చేసి ఉన్నాడు కాబట్టే ఆ కదలికలో తనకు కావలసింది కనబడింది. ఏమీ మొదలుపెట్టకుండా ఊళ్ళో కూర్చుని ఆలోచిస్తుంటే అదే యంత్రం ముందు నిలబడ్డా అది మామూలు యంత్రమే అయ్యేది.

మన పనులు అంత పెద్దవి కావు. కానీ లెక్క అదే. పాస్‌బుక్కు పేరు సరిచేయించడంలో తెలిసిన భాగం ఒకటి ఉంటుంది: పాత పహాణీ నకలు ఎవరి దగ్గరుందో కనుక్కోవడం. అది చేయండి. మీసేవ కేంద్రంలో అడిగితే తర్వాతి మెట్టు వాళ్ళు చెబుతారు. ఇంటి మార్పులో తెలిసిన భాగం పెద్దక్కకు ఫోను. ఆమె ఏమంటుందో విన్నాకే తర్వాతి సంగతి.

ఫోను అన్నాను కాబట్టి, ఎవరినైనా అడగవలసిన పనుల గురించి కూడా చెప్పాలి. వీటికే అన్నిటికంటే ఎక్కువ వాయిదా. ఇచ్చిన అప్పు తిరిగి అడగడం, సెలవు అడగడం, సాయం అడగడం. ఇక్కడికి దగ్గరలోనే 1951 ఏప్రిల్ 18న జరిగినదాన్ని గుర్తు చేస్తాను. వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలవాళ్ళు తమకు భూమి కావాలన్నారు. ఎంత అని అడిగాడాయన. నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు, సగం తరి, సగం ఖుష్కి అని తేల్చి చెప్పారు. ప్రభుత్వానికి అర్జీ పంపుదామన్న ఆలోచన వచ్చింది. పంపి ఊరుకుంటే అది ఏ అల్మారాలో ఉండిపోయేదో. అర్జీ సంగతి అట్లా ఉంచి, ఈ ఊళ్ళోనే ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అక్కడికక్కడే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం పుట్టింది అట్లా. అడగడంలో అంకె ఉంది, ఎదుట మనుషులున్నారు, అప్పుడే అడిగారు. "ఏమన్నా చూడు అన్నా, జర ఇబ్బందిగ ఉంది" అనేకంటే "అన్నా, వచ్చే నెల ఐదో తారీఖుకు పదివేలు ఇయ్యగలవా?" అనడం ఇద్దరికీ తేలిక. అవతలివాడికి అవుననో కాదనో చెప్పే వీలుంటుంది. అడిగేవాడికి మాట మొదలుపెట్టడం సులువవుతుంది. ఆ ఉద్యమం తర్వాతి చరిత్ర కూడా మరువకూడదు. దేశమంతా దానంగా ప్రకటించిన భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరనేలేదు. ఇస్తాననడానికి ఒక క్షణం చాలు. కొలిచి, పట్టా చేసి, చేతికివ్వడానికి రోజువారీ చిన్న పనులు వందలు చేయాలి. అవి ఆగిపోయిన చోట ఆ మంచి క్షణం కూడా ఆగిపోయింది.

షిఫ్టు మారే మనిషికి

"రోజూ పొద్దున ఐదింటికి లేచి" అని మొదలయ్యే సలహాలు చౌటుప్పల్‌లో సగం ఇళ్ళకు పనికిరావు. చుట్టుపక్కల మందుల కంపెనీలు, ఫ్యాక్టరీలు ఉన్నాయి. షిఫ్టు మారుతుంది, నిద్ర మారుతుంది, తిండివేళ మారుతుంది. ఇట్లాంటివాళ్ళు పనిని గడియారానికి కట్టకూడదు. ఏ షిఫ్టులోనైనా తప్పకుండా జరిగే ఇంకో పనికి కట్టాలి. డ్యూటీ దిగి వచ్చి టిఫిన్ డబ్బా సింకులో పెట్టిన వెంటనే, చెప్పులు విడిచిన చోటే నిలబడి, కరెంటు బిల్లు కట్టేస్తాను అని ముందే అనుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నవి మూడూ ఖాయం కావాలి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. జర్మనీలో పీటర్ గోల్‌విట్సర్ అనే శాస్త్రవేత్త విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక నివేదిక రాసి పంపమన్నాడు. సెలవుల్లో పని అంటే ఎట్లా ఉంటుందో మనకు సంక్రాంతితో తెలుసు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తామో ముందే తేల్చుకున్నవాళ్ళలో దాదాపు ముప్పాతిక వంతు మంది గడువులోపు రాశారు. తేల్చుకోనివాళ్ళలో మూడో వంతు మందే రాశారు. రాయాలన్న కోరిక రెండు గుంపులకూ ఉంది. ఇంట్లో దీనికి సాక్షి ఉంటే ఇంకా బాగుంటుంది. "అమ్మా, నేను డబ్బా సింకుల పెట్టంగనే బిల్లు సంగతి యాది చేయ్" అని తల్లితో చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

అయినా కొన్ని రోజులు తప్పుతాయి. తప్పిన రోజున తనను తాను తిట్టుకోవడం మంచి అలవాటని మనలో చాలామంది నమ్మకం. తిట్టుకుంటే బుద్ధొస్తుందని. కెనడాలో జరిగి 2010లో అచ్చయిన ఒక అధ్యయనం దీనికి విరుద్ధంగా చెప్పింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసిన విద్యార్థుల్లో, తమను తాము క్షమించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. కారణం పైన చెప్పిన ముల్లే. తిట్టుకున్న కొద్దీ ఆ పనికి ఇంకో ముల్లు చేరుతుంది. మరునాడు దాన్ని తలుచుకోవడానికే భయం వేస్తుంది.

కొన్ని పనులను జాబితాలోంచి కొట్టేయడం కూడా పనే. మూడేళ్ళుగా బాగు చేయిద్దామనుకుంటున్న పాత మిక్సీని పాతసామాన్లవాడికి ఇచ్చేయండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ చిట్కాలేవీ పనిచేయవు. రెండు వారాలకు మించి స్నానం, తిండి, మనుషులతో మాట కూడా వాయిదా పడుతుంటే, ఇష్టమైన పనులు కూడా బరువైపోతే, అది వాయిదా అలవాటు అయి ఉండకపోవచ్చు. దిగులు జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ ఫోను ఇంట్లో ఇంకొకరు కలిపి చేతికి ఇచ్చినా సరే.

ఎవరి కండెలు ఎవరు చుడుతున్నారు

చివరగా ఒక మాట. ఇది రాయాలనే ఈ అధ్యాయం మొదలుపెట్టాను. మగ్గం ఇంటి సంగతి చెబుతూ ఒక్కొక్కటీ ఒక్కో మనిషి చేతి పని అన్నాను. ఆసు పోసే చేతులు, కండెలు చుట్టే చేతులు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళవి. మల్లేశం తల్లి భుజాలు పడిపోయింది అందుకే. నాడె విసిరే మనిషి పొద్దున్నే చకచకా మొదలుపెట్టగలిగాడంటే ముందురాత్రి అతని కోసం ఎవరో కూర్చున్నారు.

మగ్గం లేని ఇళ్ళలో కూడా ఇదే నడుస్తోంది. "మా ఆయన పని వాయిదా వేయడు, టంచనుగా పోతాడు" అని చెప్పుకునే చోట ఆ టంచను వెనక ఇస్త్రీ చేసిన చొక్కా, కట్టిపెట్టిన డబ్బా, చార్జింగు పెట్టిన ఫోను, వెతికి ఇచ్చిన బండి తాళం ఉన్నాయి. పిల్లలు బడికి వేళకు పోవడం వెనకా అవే చేతులు. ఆ చేతుల మనిషికి తన పనులు ఎన్నో ఆగి ఉంటాయి: నెలల నుంచి సలుపుతున్న మోకాలు, తన పేరున తెరవాల్సిన బ్యాంకు ఖాతా, మళ్ళీ రాయాలనుకున్న డిగ్రీ పరీక్ష. "నీకే బద్ధకం, చూపించుకోమంటే చూపించుకోవు" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆమెకు బద్ధకమైతే ఆ ఇల్లు ఒక్కపూట కూడా నడవదు. అందరి పనులకు కొసలు వదిలేది ఆమె. ఆమె పనికి కొస వదిలేవాళ్ళు లేరు.

అందుకని ఇది చదువుతున్నవారు ఆ ఇంట్లో భర్తో, కొడుకో, కూతురో అయితే, ఈ అధ్యాయంలో చెప్పిన పద్ధతిని మొదట మీ పని మీద కాకుండా ఆమె పని మీద ప్రయత్నించండి. ఏ రోజు వీలవుతుందో ఆమెను అడగండి. "వీలు చూసుకుని పో" అనకండి. డాక్టరు దగ్గర నంబరు మీరే రాయించండి. ఆ పూట వంట ఎవరిదో, బడి నుంచి చిన్నవాణ్ణి తెచ్చేది ఎవరో ముందురాత్రే మాట్లాడుకోండి. పాత రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒక సంచిలో వేసి తలుపు పక్కన తగిలించండి. డాక్టరును అడగవలసినవి ఆమె చెబుతుంటే మీరు రాయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కితే ఎక్కువా, రాత్రిపూట ఎక్కువా అన్నది అప్పుడే మొదటిసారి మీకు తెలియవచ్చు. పొద్దున బండి బయటికి తీసి, "అమ్మా, సంచి పట్టుకున్న, నడువు" అంటే చాలు. వచ్చాక మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీని గోడ మీది క్యాలెండరులో మీ చేత్తోనే రాయండి.